1903లో పుట్టిన బిడ్డ, 2016లో వచ్చిన తీర్పు: స్టిచిల్ ప్రింగిల్ బిరుదు కేసు

కాకినాడలో సివిల్ సైడు ప్రాక్టీసు నాది. వాటా దావాలు, వీలునామా గొడవలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మీద అభ్యంతరాలు, రోజూ ఇవే. స్కాట్లాండ్ బిరుదులతో నాకేం పని అంటారా, ఏం పని లేదండి, ఒక వాటా దావాలో ఎదుటి పక్షం డీఎన్ఏ టెస్ట్ కావాలని ఐ.ఏ. (దావా నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) వేస్తే దానికి కౌంటర్ రాసుకోడానికి చదువుతూ చదువుతూ ఈ ప్రింగిల్ తీర్పు దగ్గర ఆగిపోయాను. అప్పట్నుంచి జూనియర్లకి వారసత్వం గురించి చెప్పాల్సి వస్తే దీంతోనే మొదలుపెడుతున్నా. మన ఊరి కేసుల్లో ఎప్పుడూ భూమి అడ్డొస్తుంది, డబ్బు అడ్డొస్తుంది, ఇక్కడ అవేం లేవు, పేరు ముందు "సర్" అనే ఒక్క మాట తప్ప ఏమీ లేదు, అందుకే వారసత్వం అన్నదాని ఎముకలు బాగా కనిపిస్తాయి.

ముందు బిరుదు సంగతి. స్టిచిల్ అనేది స్కాట్లాండ్ దక్షిణాన, ఇంగ్లండ్ సరిహద్దు దగ్గర కెల్సో అనే ఊరి పక్కన ఉంది. 1683 జనవరి 5న రెండో చార్లెస్ రాజు రాబర్ట్ ప్రింగిల్ అనే ఆయనకి బారొనెట్ బిరుదిచ్చాడు. బారొనెట్ అంటే లార్డు కింద మెట్టు, నైట్ పైన మెట్టు, పార్లమెంటులో సీటు రాదు కానీ తండ్రి నుంచి కొడుక్కి దిగుతుంది. స్కాట్లాండ్‌లో ఈ బారొనెట్లని నోవా స్కోషియా బారొనెట్లు అంటారు, ఎందుకంటే 1620లలో ఇప్పటి కెనడా తూర్పు తీరాన ఆ పేరుతో కాలనీ పెట్టడానికి డబ్బుల్లేక రాజుగారు బిరుదుకి 3,000 మెర్కులు (అప్పటి స్కాట్లాండ్ డబ్బు) రేటు కట్టి అమ్మారు. ఇంకో తమాషా ఏంటంటే బిరుదుతో పాటు అక్కడ భూమి కూడా ఇచ్చేవాళ్ళు, స్వాధీనం తీసుకోవాలంటే సముద్రం దాటాలి కదా, దాటక్కర్లేకుండా ఎడిన్‌బరో కోట ముందు కాస్త నేలనే నోవా స్కోషియా అనుకోమని అక్కడే పిడికెడు మట్టి చేతిలో పెట్టేవాళ్ళట. మన దగ్గర పొజెషన్ డెలివరీ కాగితాల మీద మాత్రమే జరిగే కేసులు చూసిన ప్లీడరుకి ఇందులో వింతేమీ అనిపించదు. ఈ ప్రింగిళ్ళు మాత్రం పేరున్న కుటుంబమే, సైన్యంలో ఆసుపత్రుల పరిశుభ్రత గురించి మొదట గట్టిగా మాట్లాడిన డాక్టర్ జాన్ ప్రింగిల్, 1772 నుంచి 1778 దాకా రాయల్ సొసైటీ ప్రెసిడెంటుగా ఉన్నాయన, ఈ ఇంటి రెండో బారొనెట్ గారి చిన్న కొడుకు.

ఇప్పుడు అసలు కీలకం. ఆ 1683 కాగితంలో బిరుదు ఎవరికి దిగాలో రాసిన మాట: రాబర్ట్‌కి, ఆయన శరీరం నుంచి పుట్టిన మగ వారసులకి. అంతే. ఈ "శరీరం నుంచి" అన్న మాట పట్టుకునే మొత్తం కేసు నడిచింది. స్కాట్లాండ్ బిరుదులన్నీ ఇలాగే ఉంటాయని అనుకోకండి, చెన్నై మెరీనా దగ్గర నేపియర్ బ్రిడ్జి ఉంది కదా, 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరుగా చేసిన ఆ లార్డ్ నేపియర్ బిరుదుకి 1677లో మళ్ళీ కాగితం రాయించుకున్నారు, ఆడవాళ్ళ ద్వారా కూడా దిగేలా, దాంతో ఆ బిరుదు మూడో లార్డు తర్వాత ఆయన అక్కచెల్లెళ్ళ వైపుకి వెళ్ళింది, ఒకావిడ స్వయంగా లేడీ నేపియర్ అయ్యింది, ఆవిడ మనవడు తర్వాత లార్డ్ అయ్యాడు. అదే ప్రింగిల్ బిరుదైతే అక్కడితో ఆగిపోయేది. జూనియర్లకి నేను మొదట చెప్పేది ఇదే, వంశవృక్షం గీయడం తర్వాత, ముందు గ్రాంటు చదవండి, దస్తావేజులో ఏముందో చూడకుండా ఎవరు పెద్దకొడుకు ఎవరు చిన్నకొడుకు అని కూర్చుంటే సగం రోజు పోతుంది.

వాస్తవాలకి వద్దాం.

ఎనిమిదో బారొనెట్ సర్ నార్మన్ రాబర్ట్ ప్రింగిల్. 1902 అక్టోబర్‌లో ఫ్లోరెన్స్ మాజ్ అనే ఆవిడని పెళ్ళి చేసుకున్నాడు. 1903 మే నెలలో పెద్దకొడుకు నార్మన్ హామిల్టన్ పుట్టాడు. వేళ్ళ మీద లెక్కపెట్టండి, నవంబర్ డిసెంబర్ జనవరి ఫిబ్రవరి మార్చి ఏప్రిల్ మే, ఏడు నెలలు కూడా పూర్తిగా లేవు. తర్వాత ఇంకో ఇద్దరు కొడుకులు, రొనాల్డ్ స్టూవర్ట్, జేమ్స్ డ్రమ్మండ్. 1919లో ఎనిమిదో ఆయన పోయాడు. బ్రిటన్‌లో బారొనెట్లకి 1910 నుంచి ఒక అఫీషియల్ రోల్ ఉంది, మన పట్టాదారు రిజిస్టరు లాంటిది అనుకోండి, అందులో పేరెక్కితేనే సర్కారు మిమ్మల్ని బారొనెట్ అని పిలుస్తుంది. 1920లో తల్లి ఫ్లోరెన్స్ ప్రమాణపూర్వకంగా డిక్లరేషన్ ఇచ్చింది, నార్మన్ హామిల్టనే పెద్దకొడుకూ వారసుడూ అని, దాని మీద ఆయన పేరు తొమ్మిదో బారొనెట్‌గా ఎక్కింది. ఆయన 1961లో పోతే ఆయన కొడుకు స్టూవర్ట్ పదో బారొనెట్ అయ్యాడు.

ఈ స్టూవర్ట్ ప్రింగిల్ గారి గురించి ఒక్క మాట చెప్పాలి. బ్రిటిష్ నౌకాదళంలో భాగమైన రాయల్ మెరీన్స్ దళానికి అధిపతిగా చేసాడు, 1981 అక్టోబర్‌లో లండన్‌లో ఇంటి ముందు కారు స్టార్ట్ చేస్తే ఐఆర్ఏ (ఉత్తర ఐర్లాండ్ నుంచి బ్రిటన్‌ని వెళ్ళగొట్టాలని పోరాడిన సాయుధ సంస్థ) వాళ్ళు పెట్టిన బాంబు పేలి కుడి కాలు పోయింది. కారు తుక్కయిపోయి అందులో ఇరుక్కుని ఉన్న మనిషి ముందు తన కుక్క ఎలా ఉందని అడిగాడని అప్పట్లో బ్రిటన్ అంతా చెప్పుకుంది, నల్ల లాబ్రడార్, అది బతికింది. కృత్రిమ కాలుతో మళ్ళీ ఉద్యోగంలోకి వచ్చాడు, మరుసటి సంవత్సరం అర్జెంటీనాతో ఫాక్‌లాండ్స్ యుద్ధం అప్పుడు మెరీన్స్ పెద్ద ఆయనే. నైట్ పురస్కారం కూడా విడిగా వచ్చింది, అంటే తాతల బిరుదు ఉన్నా లేకపోయినా "సర్" అనేది ఆయన సొంతంగా సంపాదించుకున్నదే. కోర్టుకి ఇదంతా అనవసరం, నాకు మాత్రం ఫైలు చదువుతున్నంతసేపూ ఈ సంగతి బుర్రలో తిరుగుతూనే ఉంది.

2013 ఏప్రిల్‌లో ఆయన పోయాడు. అప్పుడు రోల్‌లో పేరు ఎక్కించమని రెండు క్లెయిములు వచ్చాయి. ఒకటి ఆయన కొడుకుది. రెండోది రొనాల్డ్ కొడుకుది, అంటే పోయినాయనకి బాబాయి కొడుకు. మన లెక్కలో చెప్పాలంటే బాబాయికీ అబ్బాయికీ మధ్య గొడవ.

రెండో క్లెయిముకి ఆధారం డీఎన్ఏ. ఆ డీఎన్ఏ ఎలా వచ్చిందో అదే అసలు కథ. బిరుదు కోసం ఎవరూ టెస్ట్ చేయించలేదు. ప్రింగిల్ వంశానికి చీఫ్ ఎవరో తేల్చుకుందామని ఒక డీఎన్ఏ ప్రాజెక్ట్ నడిచింది, అందులో భాగంగా స్టూవర్ట్ గారు కూడా, అంత ఇష్టం లేకపోయినా, శాంపిల్ ఇచ్చారు. బుగ్గ లోపల ఒక పుల్లతో రుద్ది గొట్టంలో పెట్టి పోస్టు చెయ్యడమే, నిమిషం పని. రిజల్ట్ వచ్చాక చూస్తే ఆయనదీ రొనాల్డ్ కొడుకుదీ కలవలేదు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్తా, ఎందుకంటే మన కోర్టుల్లో కూడా డీఎన్ఏ రిపోర్ట్ అనగానే అందరూ చివరి పేరా చదివి వదిలేస్తారు. మగవాళ్ళలో వై క్రోమోజోమ్ అని ఒకటుంటుంది, అది తండ్రి నుంచి కొడుక్కి దాదాపు ఉన్నదున్నట్టు దిగుతుంది, గోత్రం దిగినట్టు. తేడా ఏంటంటే దత్తత వెళ్తే గోత్రం మారుతుంది, వై మారదు. అయితే ఈ వై వల్ల ఒక పని అవుతుంది, ఒక పని అవ్వదు. తాత, తండ్రి, పెదనాన్న, బాబాయి, వాళ్ళ కొడుకులు అందరిదీ ఒకటే వై కాబట్టి వీళ్ళలో ఎవరు కన్నారు అన్నది దాంతో తేలదు, కానీ ఒకే తాతకి మనవళ్ళం అని చెప్పుకునే ఇద్దరి వై లు వేరుగా ఉంటే మాత్రం ఎక్కడో తీగ తెగిందని గట్టిగా చెప్పొచ్చు. ఎక్కడ తెగింది? ఇద్దరి శాంపిళ్ళతో ఆ ప్రశ్నకి జవాబు రాదు. పెద్దాయన వైపు తెగి ఉండొచ్చు, చిన్నాయన వైపు తెగి ఉండొచ్చు, రెండువైపులా కూడా తెగి ఉండొచ్చు. మూడో మనిషి కావాలి, ఎప్పుడో పాత తరాల్లో విడిపోయిన ఇంకో ప్రింగిల్ శాఖలో మగవాడు. ఆయనది ఎవరితో కలిస్తే వాళ్ళు అసలు లైన్లో ఉన్నట్టు, అంతే కాదు, ఆ రెండు శాఖలు కలిసే ముత్తాత దాకా మధ్యలో ఉన్న మగవాళ్ళందరికీ కూడా ఒక్క దెబ్బతో సర్టిఫికెట్ ఇచ్చినట్టే. ఈ కేసులో రొనాల్డ్ కొడుకు ఎనిమిదో బారొనెట్ మనవడే అనడానికి చాలా బలమైన ఆధారం ఉందనీ, స్టూవర్ట్ గారు ఆ లైన్లో లేరనీ తేలింది. అంటే తెగింది 1903 దగ్గరే.

ఇది మామూలు కోర్టులో తేలేది కాదు. రాణిగారు 1833 జ్యుడీషియల్ కమిటీ చట్టం 4వ సెక్షన్ కింద ప్రివీ కౌన్సిల్‌ని, అంటే స్వాతంత్ర్యానికి ముందు మన కేసులకీ ఆఖరి అప్పీలు కోర్టుగా ఉన్న లండన్ న్యాయపీఠాన్ని, అభిప్రాయం అడిగారు, ఏడుగురు జడ్జిలు కూర్చున్నారు, తీర్పు రాసింది లార్డ్ హాడ్జ్, 2016 జూన్ 20న వచ్చింది.

స్టూవర్ట్ గారి కొడుకు తరఫు వాదనలు చదివితే మన ప్లీడర్లు రాసిన కౌంటర్ చదివినట్టే ఉంటుంది. పెళ్ళయ్యాక పుట్టాడు కాబట్టి భర్తకే పుట్టినట్టు అనుకోవాలి. ఇన్నేళ్ళు నోరు మూసుకుని ఇప్పుడొచ్చి అడగడానికి వీల్లేదు, రొనాల్డే బతికుండగా అడగలేదు. లిమిటేషన్, అంటే దావా వేసుకునే గడువు, అయిపోయింది. శాంపిల్ ఇచ్చింది వంశపు చీఫ్ ఎవరో తేల్చడానికి, దాన్ని ఇంకో పనికి వాడకూడదు. వందేళ్ళ కిందట చచ్చిపోయిన వాళ్ళ పడగ్గది విషయాలు తవ్వితే సమాజంలో ఏ కుటుంబానికీ స్థిమితం ఉండదు, కాబట్టి పబ్లిక్ పాలసీ కింద ఈ సాక్ష్యం పక్కన పెట్టాలి.

ఒక్కటి కూడా నిలబడలేదు.

పెళ్ళి వల్ల వచ్చే ప్రిజంప్షన్ (చట్టం ముందే నిజమనుకునే విషయం) స్కాట్లాండ్‌లో 1986 చట్టంలోనే ఉంది, అమ్మ కడుపుతో ఉన్న కాలంలో ఏ సమయంలో పెళ్ళయి ఉన్నా భర్తే తండ్రి అనుకోవాలి, కానీ అది ఖండించదగ్గ ప్రిజంప్షన్, మామూలు సివిల్ కేసులో ఉండే మొగ్గు చాలు దాన్ని తిప్పెయ్యడానికి. డీఎన్ఏ ముందు అది ఎక్కడ నిలబడుతుంది. ఇంకో సూక్ష్మం కూడా ఉంది, ఏడు నెలలకే పుట్టడం అనేది ఈ కేసులో తప్పు కానే కాదు. స్కాట్లాండ్ న్యాయంలో పెళ్ళికి ముందు పుట్టిన పిల్లలు కూడా ఆ తల్లీ తండ్రీ తర్వాత పెళ్ళి చేసుకుంటే సక్రమ సంతానమే అయిపోతారు, అక్కడి బిరుదులకి కూడా అది పనికొస్తుంది. కాబట్టి నార్మన్ రాబర్టే తండ్రి అయి ఉంటే ఏడు నెలలకి కాదు, పెళ్ళికి ఏడాది ముందు పుట్టినా బిరుదు ఆ పిల్లాడిదే. కేసు పోయింది తొందరగా పుట్టినందుకు కాదు, ఆ తండ్రికి పుట్టనందుకు. చాలామంది ఈ తీర్పు గురించి రాసేటప్పుడు ఆ ఏడు నెలల మీదే ఇకఇకలు పకపకలు, అసలు పాయింటు అది కాదండీ బాబూ.

ఆలస్యం వాదనా నడవలేదు, లిమిటేషనూ నడవలేదు. నాకు ఈ తీర్పులో అన్నిటికన్నా గట్టిగా తగిలింది ఇదే. భూమికి కాలం అనే ఫుల్‌స్టాప్ ఉంటుంది, మన దగ్గర పన్నెండేళ్ళు అడ్వర్స్ పొజెషన్, స్కాట్లాండ్‌లోనూ ఆస్తి హక్కులకి ప్రిస్క్రిప్షన్ అనే అలాంటి గడువే ఉంది, ఎవడో ఎప్పుడో తప్పుగా అనుభవించినా కొన్నేళ్ళకి ఆ తప్పే హక్కు అయిపోతుంది, లేకపోతే ఊళ్ళో ఒక్క దస్తావేజు నిలబడదు. బిరుదుకి అది లేదు. తొంభై ఏళ్ళు ఇద్దరు మనుషులు అందరి కళ్ళ ముందూ బారొనెట్ అని పిలిపించుకున్నా అనుభవం వల్ల హక్కు రాలేదు. అమ్మడానికి లేదు, వీలునామా రాయడానికి లేదు, దత్తతకి లేదు, అనుభవించి సంపాదించుకోడానికి లేదు, శరీరం ఒక్కటే లింకు డాక్యుమెంటు. డీఎన్ఏ ఇలా ఎన్నో తరాల వెనక్కి పోయి వారసత్వాలు తిరగదోడే ప్రమాదం ఉందని లార్డ్ హాడ్జ్‌కి తెలియక కాదు, ఆ సంగతి తీర్పులోనే రాసి, అది మంచిదో చెడ్డదో తేల్చాల్సింది పార్లమెంటు అని వదిలేసాడు. సాక్ష్యం ముందున్నాక కళ్ళు మూసుకోవడం కోర్టు పని కాదన్నమాట.

మా పక్కనే పిఠాపురం ఉంది కాబట్టి ఈ మాట చెప్పకుండా ఉండలేను. అదే ప్రివీ కౌన్సిల్, 1899లో, పిఠాపురం సంస్థానం కేసు. రాజా గంగాధర రామారావు గారు 1873లో వెంకటగిరి వాళ్ళ అబ్బాయిని దత్తత తీసుకున్నారు, తర్వాత 1885లో కొడుకు పుట్టాడన్నారు, 1890లో రాజావారు పోయేసరికి వీలునామా ఆ కొడుకు పేరున ఉంది. దత్తుడు దావా వేసాడు, ఆ పిల్లాడు రాజావారి కొడుకే కాదని. సాక్షులూ, దాదులూ, కోటలో ఎవరు ఎప్పుడు ఏ గదిలో ఉన్నారూ, అదంతా రికార్డుకెక్కింది. చివరికి ప్రివీ కౌన్సిల్ ఏమందంటే, సంస్థానం విభజన లేని ఆస్తి అయినా రాజావారికి వీలునామా రాసే అధికారం ఉంది, ఇష్టమొచ్చిన వాళ్ళకి రాసుకోవచ్చు, కాబట్టి ఆ పిల్లాడు ఎవరికి పుట్టాడన్నది తేల్చక్కర్లేదు అంది. ఆ పిల్లాడే తర్వాత సూర్యారావు బహద్దర్ వారు, సూర్యరాయాంధ్ర నిఘంటువు పేరులో ఉన్నాయన, ఆయన చేసిన పనులు గోదావరి జిల్లాల్లో ఎవరికి చెప్పాలి. ఆస్తికి వీలునామా అనే దారి ఉంది కాబట్టి పుట్టుక ప్రశ్న మూతపడింది. స్టిచిల్‌కి ఆ దారి లేదు కాబట్టి నూట పదమూడేళ్ళకైనా మూత తెరుచుకుంది. నా దృష్టిలో ఈ రెండు కేసులూ పక్కపక్కన పెట్టి చదవాలి.

ఇదే ప్రింగిల్ కేసు మన చట్టం కింద వచ్చి ఉంటే? 1872 ఎవిడెన్స్ యాక్ట్ 112వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 116. చెల్లుబాటయ్యే పెళ్ళి నడుస్తుండగా పుట్టాడా, అయితే సక్రమ సంతానం అన్నదానికి అది తిరుగులేని రుజువు, ఆ సమయంలో మొగుడూపెళ్ళాలు ఒకరికొకరు అందుబాటులో లేరని చూపిస్తే తప్ప. పెళ్ళయిన ఏడో నెలా, ఏడో రోజా అన్న తేడా అందులో లేదు. అక్షరాలా చదివితే నార్మన్ హామిల్టన్ ఇక్కడ గెలిచేవాడు. కాకపోతే మన సుప్రీంకోర్టు కూడా రెండు వైపులా ఊగుతూనే ఉంది, 2014లో నందలాల్ బద్వాయిక్ కేసులో సైన్సు చెప్పే నిజం ముందు ప్రిజంప్షన్ ఆగదంది, 2023లో అపర్ణ ఫిరోడియా కేసులో పిల్లల్ని ఊరికే టెస్టుకి లాగొద్దంది, 2025 జనవరిలో ఐవన్ రతినం కేసులో మళ్ళీ 112 వైపే గట్టిగా నిలబడింది. ఎన్.డి.తివారీ గారిది గుర్తుండే ఉంటుంది, మనకి గవర్నరుగా చేసినాయన, 2012లో ఆయన రక్తం శాంపిల్ టెస్టయ్యింది మన హైదరాబాద్‌లోనే, సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరీక్షల కేంద్రంలో. అక్కడ కొడుకు తండ్రి కావాలని కోర్టుకెక్కాడు. తండ్రి కావాలని అడగడం వేరు, నీ తండ్రి నీ తండ్రి కాదు అని ఇంకొకడొచ్చి అనడం వేరు, ఈ రెంటికీ ఒకే కొలత పెట్టకూడదని నా అభిప్రాయం, కౌంటర్లో కూడా అదే రాసాను.

నా కేసు సంగతి. ఎదుటి పక్షం ఐ.ఏ. కాపీ అందాక మా క్లయింటు వాళ్ళమ్మగారిని తీసుకుని ఆఫీసుకొచ్చాడు, ఆవిడకి ఎనభై దాటాయి. నేను పెళ్ళెప్పుడు, పెద్దబ్బాయి ఎప్పుడు పుట్టాడు అని తేదీలు అడుగుతుంటే ఆవిడ కాసేపు చెప్పి ఆగిపోయి, బాబూ ఇవన్నీ ఎందుకడుగుతున్నావు అంది. కొడుకు కిటికీ వైపు తిరిగిపోయాడు. నేను ఫైలు మూసేసి గుమాస్తాని టీ తెమ్మన్నాను. తర్వాత అతన్ని విడిగా పిలిచి ప్రింగిల్ కథంతా చెప్పాను, చెప్పి ఒక్కటే అన్నాను, మీ తాతగారి ఆస్తికి మీ నాన్నగారి వీలునామా ఉంది కదా, రిజిస్టర్డ్ ది, ముందు దాని మీద నిలబడదాం, పిఠాపురం దారిలో పోదాం, కోర్టు ఆర్డరేస్తే తప్ప ఆ పుల్ల నోట్లో పెట్టుకోవద్దు, తెలిసిన వాళ్ళో చుట్టాలో వంశవృక్షం కోసం అంటూ ఆన్‌లైన్ కిట్ తెచ్చినా సరే. ఐ.ఏ. మీద వాదనలు అయ్యాయి, ఆర్డర్స్‌కి ఉంది.

స్టిచిల్ రోల్ ఇప్పుడు ఎలా ఉందో చెప్పి ముగిస్తా. రొనాల్డ్ కొడుకు పేరు ఎక్కింది, కానీ పదకొండో బారొనెట్ అని కాదు, పదో బారొనెట్ అని. తప్పు లైనులో ఉన్న ఇద్దరి నంబర్లూ లెక్కలోంచి పోయాయి. పది ఆయనదైతే తొమ్మిది ఎవరిది అంటే వాళ్ళ నాన్న రొనాల్డ్‌ది, 1968లో పోయినాయన, బతికున్నన్నాళ్ళూ ఆ బిరుదు వాడుకోని మనిషి.